పెన్సిలు గీతలో పొరలు

పోయిన ఆదివారం స్టడీ అవర్లో నేను కాగితం మీద పెన్సిలు ముక్కతో నల్లగా రుద్దుతూ ఉంటే "ఎందుకురా పెన్సిలు పాడుచేస్తావు" అని పెద్దన్నలు కసిరారు. తర్వాత ఆ గీత గుండా కరెంటు పారి చిన్న ఎల్.ఇ.డి. బల్బు వెలిగింది. కసిరిన వాళ్ళే దగ్గరికి వచ్చి చూశారు. అది ఎలా వెలిగిందో చెప్తాను.

పెన్సిలు లోపలి నల్లపుల్లని లెడ్డు అంటాం గానీ అందులో లెడ్డు, అంటే సీసం, లేనే లేదు. అది గ్రాఫైటు, బంకమట్టి కలిపి కాల్చినది. గ్రాఫైటు అంటే కార్బనే. ఒక్కొక్క కార్బన్ పరమాణువు పక్కనున్న మూడింటిని పట్టుకొని తేనెపట్టు గదుల్లాగ ఆరు మూలల గళ్ళు కడుతుంది. అలా అల్లిన చాపే ఒక పొర. చాపలో అల్లిక చాలా గట్టిది. కానీ చాప మీద చాప పరిచినట్టు ఉంటుందే, ఆ రెండింటి మధ్య పట్టు తక్కువ. అందుకే మనం రాస్తే పొరలు జారి కాగితానికి అంటుకుంటాయి. కార్బన్‌కి బంధాలకు పనికొచ్చే ఎలక్ట్రాన్లు నాలుగు. మూడు అల్లికకు పోగా నాలుగోది పొరంతా తిరుగుతుంది. కరెంటు పారేది దానివల్లనే.

పొరకీ పొరకీ ఎడం 0.335 నానోమీటరు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. నోటుబుక్కు కాగితం మందం 0.1 మిల్లీమీటరు అనుకుంటే, అంత మందంలో గ్రాఫైటు పొరలు దాదాపు 3 లక్షలు పడతాయి. నమ్మకపోతే భాగించి చూసుకోండి.

గ్రాఫైటు ఎక్కడిదో అనుకోకండి. మన తుని నుంచి కనిపించే కొండలు తూర్పు కనుమలవే కదా. ఆ కనుమల్లో విరివిగా ఉండే ఒక రాయి పేరు ఖోండలైట్. అందులో గార్నెట్, సిల్లిమనైట్‌లతోపాటు గ్రాఫైటు కూడా ఉంటుంది. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త కలహండి ప్రాంతపు రాళ్ళ గురించి 1902లో రాస్తూ, ఆ కొండల్లో ఉండే ఖోండుల పేరు దానికి పెట్టాడు. మా అమ్మమ్మవాళ్ళు ఖోండులే. నేను కువి మాట్లాడితే నవ్వేవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవాలి! ఏ దేశపు భూగర్భశాస్త్ర పుస్తకం తీసినా ఆ రాయికి అదే పేరు.

ఇక ఒకే ఒక్క పొరని విడదీసిన కథ. అంత పలుచని పొర నిలవదు, చుట్టుకుపోతుంది అని చాలామంది అనుకునేవారు. ఇంగ్లాండులోని మాంచెస్టర్ యూనివర్సిటీలో ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్ గ్రాఫైటుకి సెల్లోటేపు అంటించి లాగారు. ఊడివచ్చిన ముక్కని మళ్ళీ టేపుతో, మళ్ళీ టేపుతో. ఇలా పలుచన చేసి చివరికి ఒక పొర దాకా వచ్చారు. 2004లో ఆ సంగతి ప్రకటించారు. ఆ పొర పేరే గ్రాఫీను. 2010లో వారిద్దరికీ ఫిజిక్సులో నోబెల్ బహుమతి వచ్చింది. టేపు ఖరీదు ఎంతో మన స్టోరులో అడగండి. కానీ పొర దొరికిందని రుజువు చేయడానికి మంచి మైక్రోస్కోపు, ల్యాబు కావాలి, అదీ నిజమే.

అయితే ఒక చిక్కు ఉంది. కంప్యూటరులో ట్రాన్సిస్టరు కుళాయి వంటిది. తిప్పితే రావాలి, కట్టేస్తే ఆగాలి. గ్రాఫీనులో కరెంటు బ్రహ్మాండంగా పారుతుంది గానీ ఆపుదామంటే పూర్తిగా ఆగదు. కట్టని కుళాయి ఎందుకు పనికొస్తుంది? అందుకని ఇంకో పొరల పదార్థం పట్టుకున్నారు. దాని పేరు మాలిబ్డినం డైసల్ఫైడు. పేరు పెద్దదే గానీ, యంత్రాలకు వేసే కొన్ని నల్ల గ్రీజుల్లో కలిపేది ఇదే. పొరలు జారతాయి కనుకే గ్రీజులో వేస్తారు. ఇందులో ఒక పొర అంటే రెండు గంధకం వరసల మధ్య ఒక మాలిబ్డినం వరస, మొత్తం మందం 0.65 నానోమీటరు. 2011లో స్విట్జర్లాండులోని లోజాన్‌లో దీని ఒక్క పొరతో ట్రాన్సిస్టరు చేస్తే, తెరిచినప్పటి కరెంటు మూసినప్పటికన్నా 10 కోట్ల రెట్లు ఉంది. అంటే కుళాయి బాగానే కట్టుకుంది.

సిలికాన్ ఉండగా ఇదంతా ఎందుకు అంటారా? సిలికాన్ని మరీ పలుచగా చేస్తే దాని పైభాగంలో తెగిన బంధాలు ఎలక్ట్రాన్లకు అడ్డం తగులుతాయి. పొరల పదార్థం పైభాగం సహజంగానే నున్నన. కాకపోతే టేపుతో వచ్చేవి కంటికి ఆనని ముక్కలు. పెద్ద రేకు కావాలంటే కొలిమిలో ఆవిర్ల నుంచి పొర పెంచాలి, ఎక్కడా చిరుగు ఉండకూడదు. కష్టం అక్కడే ఉంది. 2025లో చైనాలోని ఫుడాన్ యూనివర్సిటీవారు మాలిబ్డినం డైసల్ఫైడుతో 5,900 ట్రాన్సిస్టర్ల ప్రాసెసరు చేశారు. కొత్త సెల్‌ఫోను చిప్పులో వెయ్యి కోట్లకు పైగా ఉంటాయి, కాబట్టి ఇంకా చాలా దూరం ఉంది. మన దేశంలో బెంగుళూరు ఐ.ఐ.ఎస్‌.సి. శాస్త్రవేత్తలు ఇలాంటి చిప్పుల కోసం 2022లో కేంద్ర ప్రభుత్వానికి ప్రతిపాదన పంపారు.

ఇప్పుడు మీరు చేయవలసింది. కాగితంపై అంగుళం పొడవున, వేలు వెడల్పున పెన్సిలుతో బాగా నల్లగా రుద్దండి. 9 వోల్టుల బ్యాటరీ ప్లస్ నుంచి వైరు తెచ్చి గీత ఒక చివర నొక్కండి. బల్బు పొడుగు కాలు రెండో చివర, పొట్టి కాలు బ్యాటరీ మైనస్‌కి. మసగ్గా వెలుగుతుంది, చీకట్లో చూడండి. బల్బుని తిన్నగా బ్యాటరీకి కలిపితే మాడిపోతుంది. గోడ ప్లగ్గు జోలికి అస్సలు పోవద్దు, వార్డెన్ సారుకి మాట ఇచ్చాను.

గీత మధ్యలో రబ్బరుతో తుడిస్తే ఏమవుతుంది? గీత పొడుగు చేస్తే వెలుగు ఎందుకు తగ్గుతుంది? జవాబులు రాసి ఈ గోడపత్రిక కింద పెట్టెలో వేయండి.