దేవకి అడిగింది బిడ్డల్నే

చిట్టీ,

బిడ్డ పోయినప్పటినుంచీ దేవుడి దగ్గర దీపం పెట్టడం మానేశావని మీ అమ్మ ఫోనులో ఏడ్చింది. దానిగురించి నిన్ను ఒక్కమాట అనొద్దని గట్టిగానే చెప్పాను.

"ఏ జన్మలో ఏం పాపం చేశావో" అన్నారట పరామర్శకొచ్చినవాళ్ళు. ఆ మాట మనసులో పెట్టుకోకు తల్లీ. నీ బిడ్డలా గుండెలో లోపంతో పుట్టే పిల్లలు వెయ్యిమందిలో ఎనిమిది, పదిమంది ఉంటారు. చాలామంది విషయంలో కారణం డాక్టర్లకే దొరకదు. నువ్వు నోము తప్పినందుకో, గ్రహణంనాడు కత్తిపీట ముట్టుకున్నందుకో అలా జరగదు.

దేవుడుంటే ఎందుకు తీసుకుపోయాడని అడిగావట. నాకు తెలియదమ్మా. తెలుసనేవాళ్ళను నేను నమ్మను. అయితే అలా అడిగినంతమాత్రాన భక్తి పోయిందనుకోకు. గోల్కొండ చెరలో రామదాసు తాను చేయించిన నగలన్నీ లెక్కచెప్పి రాముణ్ణి నిలదీశాడు. ఆ కోపాన్నే ఇవాళ్టికీ కీర్తనలుగా పాడుకుంటున్నాం.

భాగవతం దశమ స్కంధంలో ఇంకో ఘట్టం ఉంది. కంసవధ దగ్గరే ఆపేసేవాళ్ళు దాన్ని చెప్పరు. ఏళ్ళు గడిచాక, కృష్ణుడంతటి కొడుకు ఎదురుగా ఉండగా, కంసుడు చంపిన ఆరుగురు బిడ్డల్నీ చూడాలని ఉందంటుంది దేవకి. కృష్ణబలరాములు సుతలానికి వెళ్ళి తెస్తారు. దేవకి వాళ్ళను ఒళ్ళోకి తీసుకుని పాలు ఇస్తుంది. తర్వాత ఆ బిడ్డలు వెళ్ళిపోతారు. ఆ పిల్లలకు పూర్వజన్మ శాపం ఉందనే కథా అందులోనే ఉంది. కానీ దేవకికి కావలసింది బిడ్డలు. దేవుణ్ణి కన్న తల్లికే పోయినవాళ్ళ లోటు తీరలేదు. "మళ్ళీ కంటావులే" అనేవాళ్ళకు ఇది చెప్పు. ఆమెకు ఒక్కసారైనా చూపించారు. నీకు చూపించేవాళ్ళు లేరు, అందుకే నిన్ను తొందరగా తేరుకోమనే హక్కు ఎవరికీ లేదు.

పేరు పెట్టకుండానే పూడ్చారని కుమిలిపోతున్నావు. కడుపులో ఉన్నప్పుడు పిలుచుకున్న పేరుంది కదా, ఆ పేరుతోనే తలుచుకో. అల్లుడితోనూ మాట్లాడు. మగవాణ్ణని ఏడుపు మింగుకుంటున్నాడు, అతనికీ కొడుకే కదా.

గుడికి వెళ్ళాలనిపిస్తే వెళ్ళు, లేకపోతే ఊరుకో. నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా మాత్రం దాచకు. డాక్టరుకు చెప్పు. అర్ధరాత్రయినా టెలిమానస్ సహాయవాణి 14416కి ఫోను చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. నాకూ ఏ వేళైనా ఫోను చెయ్యి. వచ్చే వారం నేనే బయల్దేరి వస్తున్నాను, ఇల్లు సర్దడం, వంట ఏవీ పెట్టుకోకు.

మీ పెద్దమ్మ