ఉప్పునీటికి ఎదురు నిలిచే గొట్టాలు... కోనసీమ పిల్లలకు ఓ మంచి పని

ఓడలరేవులోనో అంతర్వేదిలోనో ఇల్లు కట్టుకున్నవాళ్లను అడిగి చూడండి. కిటికీ ఊచలకు ఎన్నిసార్లు రంగు వేయించినా నాలుగు వర్షాకాలాలు తిరిగేసరికి పొలుసులు పొలుసులుగా రాలిపోతాయి. రొయ్యల చెరువు గట్టున ఏరేటర్ బోల్టు ఒకసారి బిగిస్తే మళ్లీ స్పానరుకు తిరగదు. తుప్పు ఏం చేస్తుందో ఇక్కడి పిల్లలకు పుస్తకం తెరవకముందే తెలుసు. దాన్ని ఆపడం ఒక వృత్తి అనీ, అందులో ఐటీఐ చదివినవాళ్ల నుంచి పీహెచ్‌డీ చేసినవాళ్ల దాకా అందరికీ చోటుందనీ మాత్రం ఎవరూ చెప్పరు.

మామిడికుదురు మండలం నగరంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. గ్యాస్‌తో పాటు పారిన తేమ ఉక్కు గొట్టాన్ని లోపలి నుంచి తినేసింది. మాడిపోయి నిలబడ్డ కొబ్బరి చెట్లను చిన్నప్పుడు చూసిన పిల్లలు ఇప్పుడు డిగ్రీలు, డిప్లొమాలు చేతపట్టుకుని ఉద్యోగాలు వెతుకుతున్నారు. గొట్టం మందం ఎంత తగ్గిందో కొలిచే మనిషి, ఎప్పుడు మార్చాలో చెప్పే మనిషి ఎంత అవసరమో వాళ్లకు ఎవరూ నచ్చజెప్పనక్కర్లేదు.

ఈ రంగాన్ని అర్థం చేసుకోవడానికి కుప్రోనికెల్ గొట్టం మంచి మొదలు. రాగి, నికెల్ కలిపిన లోహం ఇది. ఇంట్లో దాచిన పాత, మందపాటి ఐదు రూపాయల బిళ్ల ఉంటే తీసి చూడండి, అదీ ఈ కుటుంబానిదే. అందులో నికెల్ పావు వంతు. సముద్రపు నీటికి వాడేవి ముఖ్యంగా రెండు రకాలు. 90-10 అంటే తొంభై పాళ్లు రాగి, పది పాళ్లు నికెల్. 70-30లో నికెల్ ముప్పై పాళ్లు. 90-10లో ఒకటి నుంచి రెండు శాతం దాకా ఇనుము కూడా కలుపుతారు. తుప్పు పట్టకుండా ఇనుము వేయడమేమిటని ఆశ్చర్యం కలగొచ్చు. వేగంగా పారే నీళ్లు గొట్టాన్ని ఒరుసుకుపోకుండా ఆ కొద్దిపాటి ఇనుమే కాపాడుతుంది. ఇంటర్వ్యూల్లో అడగదగ్గ ప్రశ్న ఇది.

శుభ్రమైన సముద్రపు నీళ్లు తగలగానే గొట్టం లోపల పలచటి పొర ఏర్పడడం మొదలవుతుంది. లోహాన్ని ఏళ్ల తరబడి కాపాడేది ఆ పొరే. అది గట్టిపడడానికి చల్లటి నీళ్లలో రెండు మూడు నెలలు పడుతుంది, మన వెచ్చటి నీళ్లలో ఇంకా త్వరగా అవుతుంది. అందుకే కొత్త ఓడకైనా కొత్త ప్లాంటుకైనా మొదటి వారాలే కీలకం. హార్బరులో కుళ్లిన మురికి నీళ్లు లోపలికి వచ్చి నిలిచిపోతే వాటిలోని సల్ఫైడ్లు మంచి పొరను పడనివ్వవు. ఖరీదు పెట్టి కొన్న గొట్టం కొద్ది కాలానికే చిల్లులు పడుతుంది. నీటి వేగం మితిమీరినా అంతే. కండెన్సర్ ట్యూబుల్లో 90-10 రకానికి మామూలుగా సెకనుకు రెండున్నర మీటర్లు దాటనివ్వరు. పని ఆపినప్పుడు గొట్టాల్లో ఉప్పునీళ్లు నిలవ ఉంచకుండా మంచినీళ్లతో కడిగి ఆరబెట్టించడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే.

దీనికి ఇంకో గుణం ఉంది. పడవ అడుగున పట్టే గుల్లలు, నాచు రాగి మీద అంత తేలిగ్గా పట్టవు. ఓడల్లో చల్లదనానికి నీళ్లు తీసుకెళ్లే గొట్టాలకూ, సముద్రంలోని చమురు ప్లాట్‌ఫారాల మీద మంటలార్పే నీటి గొట్టాలకూ దీన్ని ఎంచుకోవడానికి ఇదొక కారణం. కానీ రొయ్య పిల్లలకు రాగి విషం. హేచరీలో ప్లాస్టిక్ గొట్టాలు తప్ప రాగి కలిసినవేవీ వాడకూడదు. ఎక్కడ ఏది వాడకూడదో తెలియడం కూడా ఈ చదువులో సగం.

ఇక చేతిపని. నా దృష్టిలో ఐటీఐ పిల్లలకు ఇక్కడే అసలు అవకాశం ఉంది. మామూలు ఉక్కు వెల్డింగ్ వచ్చినవాళ్లు చాలామంది దొరుకుతారు. కుప్రోనికెల్ గొట్టం మీద టిగ్ వెల్డింగ్ శుభ్రంగా చేయగలిగేవాళ్లు తక్కువ. ఉక్కును అరగదీసిన గ్రైండింగ్ చక్రం దీని మీద పెట్టకూడదు. బ్రష్షులు విడిగా ఉంచుకోవాలి. కొలత కోసం గీసిన చాక్ గుర్తు, చేతి జిడ్డు, నూనె, రంగు ఏదీ అతుకు దగ్గర మిగలకుండా అసిటోన్‌తో తుడవాలి. మురికిలోని గంధకం, సీసం చేరితే వేడికి అతుకు పగులుతుంది. 90-10 గొట్టాన్ని అతకడానికి కూడా 70-30 ఫిల్లర్ తీగే వాడతారు. గొట్టం లోపలి వైపు నుంచి ఆర్గాన్ వాయువు పంపుతూ మొదటి వరస వేయాలి. లేకపోతే లోపల నల్లగా మాడి గరుకు తేలుతుంది, నీటి సుడి మొదలయ్యేదీ, తుప్పు పుట్టేదీ ఆ గరుకు దగ్గరే. ముందు వేడిచేయనక్కర్లేదు, ఒక వరస చల్లారాకే రెండో వరస వేయాలి. తొందరపడే చెయ్యి ఈ పనికి పనికిరాదు.

మనకు దగ్గర్లో ఈ పని జరిగే ఊరు విశాఖపట్నం. వాల్‌చంద్ హీరాచంద్ 1941లో స్థాపించిన ఓడల కర్మాగారమే నేటి హిందుస్థాన్ షిప్‌యార్డ్. 1948లో ‘జల ఉష’ నీటిలోకి దిగింది అక్కడే. 2010లో అది రక్షణ శాఖ కిందకు వచ్చింది. అక్కడ కట్టిన డైవింగ్ సపోర్ట్ ఓడ ‘నిస్తార్’ 2025 జులైలో నౌకాదళంలో చేరింది. ఐదు ఫ్లీట్ సపోర్ట్ ఓడలకు 2023 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. ఇలాంటి పెద్ద ఓడలు నాలుగైదేళ్ల పాటు పైపు ఫిట్టర్లకూ వెల్డర్లకూ ఇన్‌స్పెక్టర్లకూ పని కల్పిస్తాయి. పక్కనే నేవల్ డాక్‌యార్డ్. అక్కడి అప్రెంటిస్ స్కూలు నోటిఫికేషన్ ఏటా చూసుకోండి. పైప్ ఫిట్టర్, వెల్డర్ ట్రేడ్లు ఉంటాయి. పదో తరగతిలో 50 శాతం, ఐటీఐలో 65 శాతం మార్కులు అడుగుతూ వస్తున్నారు. రాత పరీక్ష గణితం, సైన్స్, జనరల్ నాలెడ్జ్ మీదే. విశాఖ దాపున ఉన్న సింహాద్రి థర్మల్ కేంద్రం 2000 మెగావాట్లది, దాన్ని చల్లబరిచేది సముద్రపు నీరే. అలాంటి కేంద్రాల్లో కండెన్సర్ ట్యూబు ఒక్కటి కారినా ఉప్పు బాయిలర్ నీళ్లలో కలుస్తుంది. అందుకే వేల ట్యూబుల్లోకి ఎడ్డీ కరెంట్ ప్రోబ్ ఒక్కొక్కదానిగా తోసి, తెర మీద గీత వంగిన చోట లోపం పట్టుకునే పరీక్షకులు కావాలి.

సొంత జిల్లాలో చూస్తే తాటిపాకలో ఓఎన్‌జీసీ మినీ రిఫైనరీ, ఓడలరేవులో సముద్రపు గ్యాస్ చేరే టెర్మినల్ ఉన్నాయి. కృష్ణా-గోదావరి లోతు సముద్రపు 98/2 బ్లాకులో 2024 జనవరిలో చమురు తీయడం మొదలైంది. వీటిలో నేరుగా ఉద్యోగాలు కొద్దిగానే ఉంటాయి. తనిఖీ, మందం కొలత, పెయింటింగ్, విద్యుత్ పద్ధతిలో తుప్పును ఆపే కాథోడిక్ ప్రొటెక్షన్ పనులు చాలావరకు కాంట్రాక్టు సంస్థల ద్వారానే జరుగుతాయి. తొలి అనుభవానికి అవి చాలు.

చదువు విషయానికొస్తే, పది తర్వాత ఫిట్టర్ లేదా వెల్డర్ ఐటీఐ. పాలిసెట్ రాసి మెకానికల్ లేదా మెటలర్జీ డిప్లొమా. ఎంసెట్ అని మనం ఇంకా పిలుస్తున్న ఈఏపీసెట్‌లో మెటలర్జీ తీసుకోవాలా అని తల్లిదండ్రులు జంకుతారు. కంప్యూటర్స్ సీటు రాలేదు కాబట్టి తీసుకునే బ్రాంచి కాదు ఇది. జేఈఈ ద్వారా వరంగల్ ఎన్ఐటీ, ఐఐటీ హైదరాబాద్‌లో ఈ చదువు ఉంది. నూజివీడు ట్రిపుల్ ఐటీలోనూ ఉంది. హైదరాబాద్‌లోని మిధాని, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ లాంటి సంస్థలకు కావలసింది లోహం తెలిసినవాళ్లే. విశాఖలోని ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీలో నావల్ ఆర్కిటెక్చర్ చదవొచ్చు. కెమిస్ట్రీ చదివినవాళ్లు కరైకుడిలోని సీఎస్ఐఆర్-సెక్రీ వైపు చూడాలి. విద్యుత్ రసాయన శాస్త్రానికీ తుప్పు పరిశోధనకూ అది దేశంలో పెద్ద చిరునామా. డిగ్రీ తర్వాత లోహాన్ని పాడుచేయకుండా లోపం పట్టే ఎన్‌డీటీ పరీక్షల్లో లెవెల్-2, తుప్పు రంగంలో ఏఎంపీపీ సర్టిఫికెట్లకు విలువ ఉంది. ఒకప్పటి నేస్ సంస్థే 2021లో మరో సంస్థతో కలిసి ఏఎంపీపీ అయింది. ఫీజులు గట్టిగానే ఉంటాయి కాబట్టి ముందు ఏడాది రెండేళ్లు పని చేసి, ఆపైన ఆ డబ్బుతోనే రాయడం మేలు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. కుప్రోనికెల్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. చాలా చోట్ల టైటానియం, సూపర్ డూప్లెక్స్ స్టీలు, ఫైబర్ గొట్టాలు దాని స్థానంలోకి వస్తున్నాయి. గల్ఫ్‌లో సముద్రపు నీటిని మరిగించి మంచినీళ్లు చేసే పాత ప్లాంట్లలో ఈ ట్యూబులు విరివిగా వాడారు, ఇప్పుడు కొత్తగా కట్టేవి ఎక్కువగా రివర్స్ ఆస్మాసిస్‌వి. పాత ప్లాంట్ల మరమ్మతు పని మాత్రం ఇంకా ఉంది.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి నుంచి గల్ఫ్ వెళ్లే తమ్ముళ్లు ఇది పట్టించుకోవాలి. ‘హెల్పర్’ అని రాసిన వీసా మీద విమానం ఎక్కకండి. ఇక్కడే 6జీ పొజిషన్‌లో, అంటే వాలుగా బిగించిన గొట్టం మీద, పైపు వెల్డింగ్ పరీక్ష పాసై, ఏ లోహం మీద, ఏ మందం మీద పాసయ్యారో రాసిన క్వాలిఫికేషన్ కాగితం చేతిలో పెట్టుకుని వెళ్లండి. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. ఒప్పందంలో ట్రేడ్ పేరు, జీతం, ఓవర్‌టైమ్ రాసి ఉన్నాయో లేదో సంతకం పెట్టకముందే చదివించుకుని, ఆ కాపీ ఒకటి ఇంట్లో అమ్మ దగ్గర ఉంచి బయల్దేరండి.