కొలువు దొరకని కాలమున దారి చూపుట ఎట్లు?

నెల్లూరు తీరగ్రామముల పంచాయతీ సభ్యులకు ఒక పాఠము

"ఉద్యోగము పురుషలక్షణము" అను మాటను మన పెద్దల నోట తరచుగా వినుచుందుము. ఈనాడు ఆ మాటకు నెలజీతము వచ్చు కొలువు అని అర్థము చెప్పుకొనుచున్నాము. సంస్కృతమున ఉద్యోగమనగా ప్రయత్నము, పూనిక. ఈ అర్థము మరుగుపడుటచేత మన గ్రామములకు కలిగిన నష్టము కొంచెము కాదు. కొలువు దొరకినవాడు ప్రయోజకుడనియు, దొరకనివాడు అప్రయోజకుడనియు ఎంచు అలవాటు ప్రబలినది. ఆ మాటను పురుషులకు మాత్రమే అన్వయించుటయు నేడు చెల్లదు. పట్టభద్రులై ఇంట కూర్చున్న ఆడపిల్లలు కూడ మన పాళెములలో అనేకులు కలరు.

ఒక ఇంటిని తలచుకొందము. సముద్రపుటొడ్డున ఒక పట్టపుపాళెము. తండ్రి ఫైబరు పడవమీద వేటకు పోవును. తల్లి చేపల గంప నెత్తిన పెట్టుకొని బజారునకు పోవును. కుమారుడు పట్టభద్రుడై నాలుగేండ్లు గడచినవి. నెల్లూరులో అద్దెగదిలో ఉండి పోటీ పరీక్షలకు చదువుచున్నాడు. గది అద్దెకు, శిక్షణ రుసుమునకు తండ్రి చేసిన అప్పు పెరుగుచునే యున్నది. పండుగకు ఊరికి వచ్చినచో ప్రతివారును "ఏమి నాయనా, ఉద్యోగమేమైన వచ్చినదా?" అని అడుగుదురు. ఆ ప్రశ్నకు వెరచి అతడు పండుగకు రావుటయే మానివేసెను. ఇట్టి ఇల్లు లేని గ్రామము తీరమున ఉన్నదా? ఆ యువకునికి మన పంచాయతీ ఏమి చేయగలదన్నదే ఈ పాఠమునకు విషయము.

కొలువుల లెక్క

ముందుగా లెక్కను ఉన్నదున్నట్లు చూడవలెను. 2019లో మన రాష్ట్రమున గ్రామ, వార్డు సచివాలయముల కొలువులు లక్షకు పైగా ఒక్కమారుగా ప్రకటింపబడినవి. వానికి ఇరువది లక్షలకు మించి దరఖాస్తులు వచ్చినవి. 2025లో 16,347 ఉపాధ్యాయ స్థానములకు పరీక్ష జరిగినపుడు మూడు లక్షలకు మించిన అభ్యర్థులు పోటీపడిరి. అనగా ఇంచుమించు ఇరువది మందిలో ఒక్కరికి కొలువు దొరకి, తక్కిన పందొమ్మండుగురు వెనుకకు మరలవలసి వచ్చెను. వెనుకకు మరలినవారందరు మందబుద్ధులు కారు. స్థానములు తక్కువ, ఆశించువారు ఎక్కువ. ఈ సంగతిని గ్రామమున బాహాటముగా చెప్పుటయే పంచాయతీ చేయదగిన మొదటి మేలు. అవమానము తొలగినగాని ఆలోచన పుట్టదు.

పరీక్షలు వ్రాయవలదని మేము చెప్పుట లేదు. వ్రాయువారు గడువు పెట్టుకొని వ్రాయవలెను. రెండు పర్యాయములో మూడు పర్యాయములో ప్రయత్నింతును, ఆ లోపల చేతిపని ఒకటి నేర్చుకొందును అని ముందే నిశ్చయించుకొన్నవానికి ఓటమి వచ్చినను బ్రతుకు చెడదు.

తీరము నేర్పిన పాఠము

కావలి మొదలు తడ వరకు గల మన తీరమున 2022లో జిల్లాలు పునర్విభజింపబడినపుడు కొన్ని మండలములు తిరుపతి జిల్లాలో చేరినవి. గీతలు మారినను సముద్రము ఒకటే, బ్రతుకు ఒకటే. ఈ తీరమున వేట కలదు, ఇసకపల్లి వంటిచోట్ల ఉప్పు కొఠారులు కలవు, పెన్న నీటితో పండు వరిమళ్లు కలవు. వీనికి తోడుగా 1990 ప్రాంతమున రొయ్యల చెరువులు వచ్చెను.

ఆ చరిత్ర యువజనులకు తప్పక చెప్పదగినది. టైగరు రొయ్య ధర పలికిన నాళ్లలో చవుడు నేలలే గాక వరి పండు నేలలు కూడ చెరువులైనవి. జీతగాండ్రు జీతములు విడిచి చెరువులకు దిగిరి. 1994, 1995 సంవత్సరములలో తెల్లమచ్చ వ్యాధి పైబడెను. చెరువులు చెరువులుగా రొయ్య చచ్చెను. అప్పులు మిగిలెను. బావులలోనికి ఉప్పునీరు దిగినదని పలు గ్రామములవారు మొరపెట్టుకొనిరి. దేశపు తీరప్రాంతములనుండి వెళ్లిన ఇట్టి ఫిర్యాదులపై 1996 డిసెంబరు 11వ తేదీన సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు చెప్పెను. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టము వచ్చెను. 2009లో వనామి రొయ్యకు అనుమతి లభింపగా చెరువులు మరల కళకళలాడెను. 2025 ఆగస్టులో మన సరకులపై అమెరికా సుంకము 50 శాతమునకు చేరినపుడు చెరువు రైతు గుండె మరల గుభేలుమనెను.

ఈ ఏటికెదురీతలో నిలిచినవారెవరు? ధరను నమ్ముకొని దిగినవారిలో పలువురు మునిగిరి. పనితనమును నమ్ముకొన్నవారికి మాత్రము పని పోలేదు. నీటిలో ప్రాణవాయువు ఎంత ఉన్నదో కొలువగలవాడు, ఉప్పదనమును, క్షారగుణమును పరీక్షించువాడు, రొయ్యపిల్లకు వైరసు సోకినదో లేదో ప్రయోగశాలలో చూడగలవాడు, ఏరియేటరు మోటారును బాగుచేయువాడు, మంచు కర్మాగారములో శీతల యంత్రమును నడుపువాడు టైగరు నాడును కావలసియుండిరి, వనామి నాడును కావలసియున్నారు. విదేశములవారు సరకులో మందుల అవశేషములున్నచో త్రిప్పి పంపుదురు. కనుక పరీక్షించువాని అవసరము నానాటికి పెరిగినదే గాని తరుగలేదు. సరకు ధర పెరిగి తరుగుచుండును. నేర్చిన విద్య చేతినుండి పోదు.

గూడూరు ప్రాంతపు అభ్రకము కథయు ఇట్టిదే. రేడియోలలో గాజువాల్వులు ఉన్నంతకాలము అభ్రకమునకు గిరాకి ఉండెను. ట్రాన్సిస్టరు వచ్చిన తరువాత ఆ గిరాకి తగ్గెను. రేకులు చీల్చుట ఒక్కటే నేర్చినవారు పని కోల్పోయిరి. ఒకే సరకునకు, ఒకే యజమానికి మాత్రమే పనికివచ్చు విద్యను నమ్ముకొనుట ప్రమాదకరమని దీనివలన తెలియుచున్నది.

రేవు వచ్చినది, పని వచ్చినదా?

కృష్ణపట్నము రేవు 2008లో పనిచేయసాగెను. దాని సమీపమున నేలటూరు విద్యుత్కేంద్రము, పంటపాళెము నూనె శుద్ధి కర్మాగారములు వెలసెను. "భూములు మావి, కొలువులు పరులకా?" అని తీరవాసులు అడుగుచుందురు. ఆ ప్రశ్న న్యాయమైనది. పంచాయతీలు దానిని సభలయందు అడుగుచునే యుండవలెను. దానితోపాటు మరియొక సంగతి కూడ గ్రహింపవలెను. కర్మాగారమును కట్టునపుడు వేలకొలది చేతులు కావలెను. నడుపునపుడు తక్కువ మంది చాలుదురు, వారును పని నేర్చినవారై యుండవలెను. కట్టడపు పనికి పోయి, కట్టడము ముగియగానే ఇంటికి వచ్చినవారు మన గ్రామములలో కలరు. ఆ నాలుగేండ్లలోనే వెల్డింగో, ఎలక్ట్రీషియను పనియో, క్రేను నడుపుటయో నేర్చి సర్టిఫికెట్టు పొందియున్నచో లోపలి పనికి అర్హులై యుండెడివారు.

శ్రీహరికోట సంగతియు చూడుడు. 1971లో అచటినుండి తొలి రాకెట్టు ఎగిరెను. అది శాస్త్రజ్ఞులకు, ఇంజనీర్లకు మాత్రమే అని మనవారు తలంతురు. పదవ తరగతి పిదప ఐ.టి.ఐ.లో ఫిట్టరు, ఎలక్ట్రీషియను వంటి విద్యలు నేర్చినవారిని కూడ టెక్నీషియన్లుగా పరీక్ష పెట్టి ఎన్నుకొందురు. ఈ వార్త దీవి ప్రక్క పాళెమునకు చేరకుండుట మన లోపము.

నాలుగు ప్రశ్నలు

దారి వెదకు యువజనుని ముందు ఈ నాలుగు ప్రశ్నలు ఉంచవలెను.

మొదటిది: ఈ పనికి మన ప్రాంతమున నిత్యము అవసరము కలదా, లేక ఒక సరకు ధరమీదనే నిలిచియున్నదా?

రెండవది: ఇందు నేర్చిన విద్య మరియొకచోట, మరియొక పరిశ్రమయందు చెల్లునా? మంచు కర్మాగారములో నేర్చిన శీతల యంత్రపు పని ఆసుపత్రిలోను, పాలకేంద్రములోను చెల్లును.

మూడవది: నేర్చుటకు ఎంతకాలము, ఎంత వ్యయము? అంతవరకు ఇల్లు గడచుట ఎట్లు?

నాలుగవది: ఈ పనివలన నాకు తిండి దొరకుటతోపాటు ఎవరికి మేలు? నీటిని పరీక్షించువాడు చెరువు రైతు సొమ్మునే గాక ప్రక్క ఊరి బావిని కూడ కాపాడగలడు. పడవ ఇంజను బాగుచేయువాడు నడిసముద్రమున నలుగురి ప్రాణములను కాపాడును. పనిలో ఇట్టి అర్థము కనబడినవానికి జీతము స్వల్పమైనను మనస్సు నిలుచును. అర్థము కనబడనివాడు ఎన్ని కొలువులు మారినను కుదుటపడడు.

నేర్పు చోట్లు

మన తీరముననే ముత్తుకూరులో 1991లో స్థాపింపబడిన మత్స్య విజ్ఞాన కళాశాల కలదు. ఇంటరులో జీవశాస్త్రము చదివినవారికి అది నాలుగేండ్ల పట్టపు చదువు. పదవ తరగతితో ఆగినవారికి కేంద్ర ప్రభుత్వపు సిఫ్‌నెట్ సంస్థ కొచ్చి, చెన్నపట్టణము, విశాఖపట్టణములలో పడవ నడుపుటయందును, ఇంజను పనియందును రెండేండ్ల శిక్షణ నిచ్చుచున్నది. తండ్రివెంట సముద్రము నెరిగిన పిల్లవానికి ఇది మిక్కిలి తగిన విద్య. సముద్రపు అనుభవము కూడ గడించిన పిదప పరీక్ష నిచ్చి చేపలవేట నౌకలలో అధికారి కాదగును. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ కలదు. బ్యాంకులు నడుపు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు రుసుము లేకయే భోజన వసతులతో శిక్షణ నిచ్చును. 1961 నాటి అప్రెంటిసుల చట్టము ననుసరించి కర్మాగారములు యువజనులను అప్రెంటిసులుగా తీసికొని, పని నేర్పుచు, భత్యము కూడ ఈయవలెను.

ఒక హెచ్చరిక. గల్ఫు దేశములలో కొలువనియు, ఓడలలో కొలువనియు చెప్పి సొమ్ము గుంజు దళారులు తీరమున తిరుగుచుందురు. 1983 నాటి వలసల చట్టము ప్రకారము విదేశపు కొలువులకు మనుష్యులను పంపు ఏజెంటు రిజిస్టరు అయియుండవలెను. ఓడపని శిక్షణాలయమునకు నౌకాయాన శాఖ ఆమోదముండవలెను. ఈ రెండును చూడకుండ ఎవరును పొలము తాకట్టు పెట్టరాదు. సందేహము కలిగినచో పంచాయతీ కార్యదర్శిచేత ప్రభుత్వపు జాబితాను వెదకించి చూపవలెను. ఒక్క గంట పని ఒక కుటుంబమును నిలుపును.

పంచాయతీ చేయదగినది

ఇది మా పని కాదని సభ్యులు అనరాదు. 73వ రాజ్యాంగ సవరణముచేత చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగినవిగా 29 విషయములు చెప్పబడినవి. మత్స్యపరిశ్రమ, చిన్న పరిశ్రమలు, సాంకేతిక శిక్షణము, గ్రంథాలయములు వానిలోనివే.

ఒకటి: పదవ తరగతి దాటిన యువతీయువకుల పేర్లు, చదువు, నేర్చిన పని, కోరిక వ్రాసిన పుస్తకము పంచాయతీ కార్యాలయమున ఉండవలెను. పని లేనివారి పట్టిక అని దానికి పేరు పెట్టరాదు. విద్యావంతుల పట్టిక అని పెట్టవలెను.

రెండు: సముద్రమున వేట నిషేధింపబడు ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు గల 61 దినములలో పడవలు ఒడ్డున ఉండును, తండ్రులు ఇండ్ల ఉందురు. పరీక్షా ఫలితములు వచ్చు కాలమును అదియే. ఆ దినములలో ఒకనాడు గ్రామసభ జరిపి, పని నేర్చి స్థిరపడిన మన ఊరివారిని పిలిపించి వారి కథను వారి నోటనే చెప్పింపవలెను. పరీక్షలో గెలిచినవానిని సన్మానించుచున్నాము. మంచి మోటారు మెకానిక్కును, ప్రయోగశాలలో పనిచేయు ఆడపడుచును అదే వేదికపై కూర్చుండబెట్టవలెను.

మూడు: శిక్షణల ప్రకటనలు, చివరి తేదీలు గ్రంథాలయపు గోడపై తెలుగున వ్రాయించి ఉంచవలెను. గడువు దాటిన వార్త చద్దివార్త కన్న హీనము.

నాలుగు: ఆడపిల్లలకు రాకపోకల వసతియే మొదటి అడ్డంకి. శిక్షణకు పోవువారు ఐదుగురున్నను వారికి బస్సు వేళ కుదురునట్లు మండలమున అడుగవలెను.

ముగింపు

మొదట చెప్పిన యువకుని మరల తలచుకొందము. ఈ పండుగకు అతడు ఊరికి వచ్చినచో మన సభ్యుడొకడు ఎదురేగి, "ఉద్యోగమేమైన వచ్చినదా?" అని అడుగకుండ, "నీవు ఏ పని బాగుగా చేయగలవు నాయనా? అందు నీకు మేమేమి సాయపడగలము?" అని అడుగవలెను. ఈ ప్రశ్నకు ఖర్చు లేదు, బడ్జెట్టు తీర్మానము అక్కరలేదు. అతడు ఆ రాత్రి కొంత ఆలోచించును. తెల్లవారి పంచాయతీ కార్యాలయమునకు వచ్చి పట్టికలో తన పేరు వ్రాయించుకొనును. అచటినుండి పని మొదలగును. పెద్దలు ఉద్యోగమన్నది ఆ పూనికనే.