స్వరాల పుస్తకం కొనేముందు తాళం వేసి చూడండి

మా వీరపునాయునిపల్లె నుంచి సంగీతం పుస్తకం కోసం పోవాలంటే ఎర్రగుంట్ల మీదుగా ప్రొద్దుటూరుకో, లేదంటే కడపకో పోవాల. బస్సు చార్జీ పెట్టుకుని పోయి పనికిరాని పుస్తకం తెచ్చుకున్న రోజులు నాకూ ఉన్నాయి. పిల్లలకు కీర్తనలు నేర్పించే తల్లులు "ఏది కొనాలక్కా, చవగ్గా ఉండాల" అని అడుగుతుంటారు. వాళ్ల కోసం ఈ చిట్కాలు.

1. అట్ట మీద బొమ్మ తర్వాత, ముందు చుక్కలు చూడండి. స్వరం నెత్తిన చుక్క ఉంటే తారస్థాయి, కాళ్ల దగ్గర ఉంటే మంద్రం. నాసిరకం అచ్చులో మొదట మాయమయ్యేవి ఇవే. ఒకసారి నలభై రూపాయలకే వచ్చిందని సంబరపడి తెచ్చిన పుస్తకంలో పై షడ్జాలకు చుక్కల్లేవు. 'పదని' దాకా ఎక్కిన మా పాప, అక్కడి నుంచి దబ్బున కింది 'స'కి దిగింది. బావిలో బిందె పడినట్టే.

2. అంగట్లోనే లెక్క పెట్టండి. ఆదితాళం కీర్తన ఉన్న పేజీ ఏదైనా తీయండి. మామూలుగా క్రియకు, అంటే తాళంలో ఒక్కో చేతి కదలికకు, నాలుగు అక్షరాలు. మొదటి గీత దాకా 16, తర్వాత 8, మళ్లీ 8, మొత్తం 32 రావాల. 'ప' అంటే ఒకటి, 'పా' అంటే రెండు. కామా ఒకటి, సెమికోలన్ రెండు. కింద గీత ఉన్న స్వరాలు రెండు కలిస్తే ఒకటి. లెక్క 31 దగ్గర ఆగిందంటే ఎక్కడో దీర్ఘం రాలిపోయిందన్నమాట. ఒక వరుసలో అయితే పెన్సిల్‌తో దిద్దుకోవచ్చు. మూడు వరుసల్లో అదే తంతు అయితే పుస్తకం అక్కడే పెట్టేసి రండి. తొడ మీద తాళం వేస్తూ గొణుక్కుంటుంటే అంగడాయన వింతగా చూస్తాడు, చూడనీండి.

3. అన్నమయ్య పుస్తకమైతే స్వరం ఎవరిదో అడగండి. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరుంది, స్వరం మాత్రం లేదు. ఇప్పుడు మనం పాడే వరసలు చాలావరకు ఈ కాలం వాళ్లు కట్టినవే: రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు, ఇంకా ఎందరో. అందుకే ఒకే కీర్తన రెండు పుస్తకాల్లో రెండు రాగాల్లో కనిపిస్తుంది. రెండూ తప్పు కాదు. కానీ గురువుగారు ఒకటి నేర్పి, పుస్తకం ఇంకొకటి చెబితే పిల్ల నలిగిపోతుంది. వరస కట్టినవారి పేరు వేయని పుస్తకం నేను కొనను. తిరుమల తిరుపతి దేవస్థానం పుస్తకాలు ధరకు తేలిక. సాహిత్యం మటుకే చాలనుకుంటే వాళ్ల వెబ్‌సైటులో చాలా పుస్తకాలు ఊరికే దొరుకుతాయి.

4. ఐదు కీర్తనల కోసం ఐదు వందల కీర్తనల పుస్తకం మోయొద్దు. త్యాగరాజ ఆరాధనకు పిల్లలు గుంపుగా పాడేవి నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల పంచరత్నాలే. వాటికి విడిగా పలచని పుస్తకాలున్నాయి. లావుపాటివి కొన్ని తెరిచి చూస్తే సాహిత్యం ఉంటుంది గానీ స్వరమే ఉండదు.

5. ముత్తుస్వామి దీక్షితుల కృతులకు పెద్ద గని సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'. 1904లో తమిళనాడులోని ఎట్టయపురంలో అచ్చయింది, అదీ తెలుగు లిపిలో! సుబ్బరామ దీక్షితులు 1906లో పోయారు. రచయిత పోయిన 60 ఏళ్లకు మన దేశంలో హక్కు తీరిపోతుంది కాబట్టి, స్కాన్ ప్రతి దించుకుని కావలసిన కృతి వరకే ప్రింటు తీయించుకోవచ్చు. గమకాల గుర్తులు దట్టంగా ఉంటాయి, గీతాలు దాటని పిల్లలకు వద్దు. కొత్తగా స్వరపరిచిన వాళ్ల పుస్తకాలను మాత్రం అట్ట నుంచి అట్ట దాకా జిరాక్స్ కొట్టించకండి. అది వాళ్ల కష్టం.

6. గొంతుకు తగ్గ పుస్తకం వెతకనక్కర్లేదు. ఫ్రాన్సులో ఫోరే, డెబస్సీ అనే స్వరకర్తల పాటలు నేర్చుకునేవాళ్లు పై గొంతుకు ఒక ప్రతి, కింది గొంతుకు ఇంకొకటి చూసి కొనుక్కోవాల. మనకు శ్రుతిపెట్టె మీట తిప్పితే అయిపోయె.

7. ఒత్తులు చూడండి. వేరే లిపి నుంచి ఎత్తి రాసిన పుస్తకాల్లో 'భ'లు 'బ'లవుతాయి, 'ధ'లు 'ద'లవుతాయి. తెలుగు కీర్తనను తెలుగు పిల్లే తప్పుగా పాడితే వినలేం.

8. తెచ్చిన వెంటనే స్పైరల్ బైండింగ్ చేయించండి. తాళం వేసే చెయ్యి పుస్తకాన్ని పట్టుకోలేదు కదా. బీరువాలో పెట్టేటప్పుడు పేజీల మధ్య ఎండిన వేపాకు వేయండి, పురుగు పట్టదు.

9. సంగతులు పెన్సిల్‌తోనే రాయించండి, పెన్ను వద్దు. మా పాప పుస్తకంలో ఒక పల్లవి పక్కన మూడుసార్లు చెరిపిన మసక ఉంది, ముగ్గురు గురువులు మారారు మరి. కాగితం ఇంకా చిరగలేదు.