ఒత్తుడు గాజు: పాత పాత్రను గుర్తుపట్టడం ఎలా?



హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం చూసినవారికి అక్కడి యూరప్ గాజు పాత్రలు గుర్తుండే ఉంటాయి. వెలుగు పడితే వజ్రాల్లా మెరిసే గిన్నెలు, గ్లాసులు, కూజాలు. చెక్కుడు గాజు మీది నగిషీని పనివాడు తిరిగే చక్రానికి పాత్రను ఆనించి ఒక్కొక్క గీతే కోసి, సాన పట్టి తీస్తాడు. ఎంతో ఓపిక, ఎంతో కూలి. అందుకే అవి నవాబుల ఇళ్ళకూ దొరల ఇళ్ళకూ చేరాయి. ఈ పాఠం వాటి గురించి కాదు. వాటిని కొనలేనివారి కోసం పుట్టిన పాత్రల గురించి. ఇంగ్లీషులో ప్రెస్డ్ గ్లాస్ అంటారు, మనం ఒత్తుడు గాజు అందాం. ఒకప్పుడు అమెరికాలో ఓట్స్ అట్టపెట్టెలో ఊరికే వచ్చిన పాత్రల కోసం నేడు సేకరించేవారు ఊరూరా వెతుకుతున్నారు. వెతికేవారున్న చోట నకిలీలు రాకుండా ఉంటాయా? ఏది పాతదో ఏది కొత్తదో చెప్పాలంటే, అసలు ఆ పాత్ర ఎలా తయారైందో ముందు తెలియాలి. గుర్తులన్నీ అందులోంచే వస్తాయి.

ఈ పద్ధతి అమెరికాలో 1820లలో నిలదొక్కుకుంది. 1825లో డెమింగ్ జార్వ్స్ అనే వ్యాపారి మసాచుసెట్స్ రాష్ట్రంలోని శాండ్విచ్ ఊళ్ళో కార్ఖానా పెట్టాడు. అదే బోస్టన్ అండ్ శాండ్విచ్ గ్లాస్ కంపెనీగా మారి 1888 దాకా నడిచింది. పని ఇలా సాగేది. ఒకడు కొలిమిలోంచి ఇనుప కడ్డీ కొసకు కరిగిన గాజు ముద్ద చుట్టుకొని వచ్చి అచ్చు మీద పట్టుకుంటాడు. ఒత్తేవాడు కావలసినంత జారనిచ్చి కత్తెరతో తెగ్గోస్తాడు. వెంటనే మీట లాగుతాడు. రోకలి లాంటి ఇనుప దిమ్మె అచ్చులోకి దిగి గాజును అంచుల దాకా తోస్తుంది. గాజు తక్కువ పడితే అంచు నిండదు, ఎక్కువ పడితే పాత్ర మందమవుతుంది. త్రాసు లేదు, కన్నే త్రాసు. ఆ తరువాత అచ్చు తెరిచి పాత్రను తీసి, నెమ్మదిగా చల్లార్చే పొయ్యిలోకి పంపుతారు. గబుక్కున చల్లారితే పగులుతుంది.

ఇప్పుడు వేలితో పరీక్షించండి. పాత్ర లోపలి వైపు తడిమితే నున్నగా ఉండి, నగిషీ అంతా బయటే ఉంటే అది ఒత్తుడు గాజు. లోపల తాకింది దిమ్మె కదా! బయట ఉబ్బిన చోట లోపల పల్లంగా ఉంటే అది అచ్చులోకి ఊదిన గాజు. నగిషీ అంచులు వేలికి పదునుగా తగిలితే చెక్కిన గాజు. ఒత్తిన గాజు అంచులు కాస్త మొద్దుగా ఉంటాయి. ఇక అతుకు గీతలు. అచ్చు రెండు మూడు ముక్కలుగా ఉంటుంది కనుక, ముక్కలు కలిసిన చోట గాజు మీద సన్నని గీత పడుతుంది. మంచి కార్ఖానాలు పాత్రను మళ్ళీ సెగ చూపించి ఈ గీతను కరిగించేవి. మరికొన్ని అచ్చు అతుకును నగిషీ మూలల్లోనే దాచేవి. కాబట్టి గీత కనబడనంత మాత్రాన ఒత్తుడు గాజు కాదనకూడదు. టీకొట్టులో నిలువు చారల గ్లాసు దొరికితే దాని మీదే ఈ పరీక్షలన్నీ చేయవచ్చు. డబ్బు ఖర్చు లేదు, ఒక టీ చాలు.

ఒక్కోసారి గాజు లోపల చిన్న వెంట్రుక లాంటి మడత కనబడుతుంది. పగులు అనుకొని చాలామంది పక్కన పెట్టేస్తారు. అది కత్తెర గుర్తు. తెగ్గోసిన కొస ముందుగా చల్లారి, మిగతా గాజుతో పూర్తిగా కలవక అలా మిగిలిపోతుంది. గోటితో గీస్తే పగులైతే గోరు తట్టుకుంటుంది, కత్తెర గుర్తుకు మామూలుగా తట్టుకోదు.

1830ల నాటి శాండ్విచ్ పళ్ళేల మీద ఖాళీ లేకుండా చుక్కలు, అల్లికలు ఉంటాయి. చూడటానికి లేసు గుడ్డలా ఉంటుంది. అందం కోసమే అనుకుంటాం. అసలు సంగతి వేరు. చల్లని ఇనుము తగిలినప్పుడు గాజు పైన ముడతలు పడేవి. ఆ ముడతల్ని దాచడానికే అన్ని చుక్కలు!

ఆ రోజుల్లో గాజులో సీసం కలిపేవారు. అది బరువు, ఖరీదు. 1864లో వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్‌లో హాబ్స్, బ్రాక్యునియర్ కార్ఖానాకు చెందిన విలియం లైటన్ సోడా, సున్నం పాళ్ళు సరిచూసి సీసం అక్కరలేని తెల్లని గాజు తయారుచేశాడు. ఖర్చు బాగా తగ్గింది. చక్కెర గిన్నె, మీగడ జగ్గు, మూత ఉన్న వెన్న గిన్నె, చెంచాలు నిలబెట్టే గ్లాసు, ఈ నాలుగూ కలిసిన జత మామూలు ఇళ్ళ బల్లల మీదికి వచ్చింది. తేడా చెవితో తెలుస్తుంది. అంచు మీద గోటితో మెల్లగా మీటితే సీసపు గాజు గంటలా మోగుతుంది, సోడా గాజు టక్కుమని ఊరుకుంటుంది. సీసపు పాత్రలో మాత్రం ఊరగాయ, నిమ్మరసం నిలవ చేయకండి. పులుపుకు సీసం కరుగుతుంది.

1929లో వచ్చిన ఆర్థిక మాంద్యం అమెరికా ఇళ్ళను కుదిపేసింది. ఆ కాలంలో జీనెట్, హాకింగ్, ఫెడరల్, హేజల్-అట్లాస్ వంటి కంపెనీలు యంత్రాలతో గులాబి, ఆకుపచ్చ, తేనె రంగు పాత్రలు లక్షలాదిగా తీశాయి. ఐదు సెంట్లకు, పది సెంట్లకు అమ్మాయి. క్వేకర్ ఓట్స్ పెట్టెల్లో ఉచితంగా వచ్చాయి. సినిమా హాళ్ళవాళ్ళు వారానికో రోజు టికెట్టుతో పాటు ఒక పళ్ళెం ఇచ్చేవారు. అంటే పూర్తి జత కావాలంటే వారం వారం సినిమా చూడాల్సిందే! వీటిని డిప్రెషన్ గ్లాస్ అంటారు. చవకగా తీశారు కనుక బుడగలు, వంకర అతుకులు మామూలే. ఆ లోపాలు చూసి నకిలీ అనుకోవద్దు.

నకిలీల కథ 1970లలో మొదలైంది. జీనెట్ కంపెనీ 1930లలో తీసిన చెర్రీ బ్లాసమ్ నమూనాలో పిల్లలు ఆడుకొనే చిన్న కప్పులు ఉండేవి. 1973లో ఎవరో వాటికి నకలు తీశారు. కప్పును చేత్తో పట్టుకుంటే చెర్రీ పళ్ళు తలకిందులుగా వేలాడుతున్నాయి! సంగతి బయటపడగానే అచ్చు సరిచేశారు. ఆ బొమ్మల జతకు ఒక వెన్న గిన్నె కూడా తయారుచేశారు. జీనెట్ వారు అలాంటిది ఎన్నడూ తీయలేదు. ఏ నమూనాలో ఏ పాత్రలు, ఏ రంగుల్లో వచ్చాయో పుస్తకం చూసి తెలుసుకున్నవాడు ఇలాంటి చోట మోసపోడు. ఫెడరల్ కంపెనీ మాత్రం నిజాయితీగానే నడిచింది. తన పాత మాడ్రిడ్ నమూనాను 1976లో మళ్ళీ తీసినప్పుడు ప్రతి పాత్ర మీదా 76 అని వేసింది. తరువాత ఆ అచ్చులు కొన్న ఇండియానా గ్లాస్ కంపెనీ ఆ అంకెను తీసేసింది.

రసాయన శాస్త్రం చదివేవారికి రెండు సంగతులు. యురేనియం కలిపిన గాజు అతినీలలోహిత కాంతిలో పచ్చగా వెలుగుతుంది. కాని యురేనియం గాజును తరువాత కూడా తయారుచేశారు, కనుక వెలిగినంత మాత్రాన పాతది కాదు. అలాగే, ఇసుకలోని ఇనుము వల్ల వచ్చే పచ్చదనం పోగొట్టడానికి మాంగనీస్ డయాక్సైడ్ కలిపేవారు. ఆ గాజు ఏళ్ళ తరబడి ఎండ తగిలితే ఊదా రంగుకు తిరుగుతుంది. కొందరు వ్యాపారులు వికిరణం తగిలించి ఈ రంగును గంటల్లో తెప్పిస్తారు. అటువంటి ముదురు ఊదా చూస్తే జాగ్రత్తపడాలి. నమ్మదగిన సాక్ష్యం అడుగు భాగమే. ఏళ్ళ తరబడి బల్ల మీద జరిగిన పాత్ర అడుగున గీతలు అన్ని దిక్కులా ఉంటాయి. గరుకు కాగితంతో రుద్దినవి ఒకే వైపు వరుసగా ఉంటాయి.

పాత్రను ఎవరు కొన్నారో చెప్పుకున్నాం. ఎవరు చేశారో కూడా తెలియాలి. బడిపంతులుగా పనిచేసిన లూయిస్ హైన్ 1908లో నేషనల్ చైల్డ్ లేబర్ కమిటీ తరఫున కెమెరా పట్టుకొని ఇండియానా, వెస్ట్ వర్జీనియా గాజు కార్ఖానాలకు వెళ్ళాడు. అచ్చు మూసి తెరిచేవారు, వేడి పాత్రల్ని చల్లార్చే పొయ్యి దగ్గరికి మోసేవారు మన హాస్టల్ పిల్లల వయసువాళ్ళే. రాత్రి షిఫ్టులు కూడా చేసేవారు. ఆ ఫోటోలు ఇప్పటికీ అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. 1938లో గాని అక్కడ కార్ఖానాల్లో పదహారేళ్ళ లోపువారి పనిని అడ్డుకొనే గట్టి దేశవ్యాప్త చట్టం రాలేదు. మన దేశంలో ఫిరోజాబాద్ గాజుల కొలిముల దగ్గరా పిల్లలు మాడిపోయారు. కాబట్టి పాత గాజు పాత్రను మురిపెంగా చూసేటప్పుడు ఆ చిన్న చేతుల్ని మరిచిపోవడం నాకు న్యాయమనిపించదు.

సేకరించాలనుకొనేవారు ఒకే నమూనాతో గాని, ఒకే రకం పాత్రతో గాని మొదలుపెట్టడం మంచిది. అంచును కళ్ళు మూసుకొని వేలితో చుట్టూ తడమండి. కంటికి కనిపించని పెచ్చు వేలికి దొరుకుతుంది. పాత పాత్రలో సలసల కాగే టీ పోయవద్దు. ఒక నోటుబుక్కు పెట్టి ఎక్కడ దొరికింది, ఎంతకు కొన్నాం, ఎత్తు, వెడల్పు, రంగు, లోపం రాసుకోవాలి. పాత పాత్రలు నమూనా ఒకటే అయినా కొలతలో కాస్త తేడా ఉంటాయి. నకలు పట్టుబడేది కూడా చాలాసార్లు ఆ కొలతల దగ్గరే.