స్కానింగ్ ఒక్కటే చూసి బెంగపడకు

చెల్లెమ్మా, ఈసారి మన ముచ్చట ఆడపిల్లల తల్లుల కోసం. పద్నాలుగేళ్ల పిల్లకి నెలసరి కాస్త ఆలస్యమైతే స్కానింగ్ చేయిస్తాం. రిపోర్టులో నీటిబుడగలు అని కనబడగానే అమ్మా, అమ్మమ్మా కూడబలుక్కున్నట్టు ఒకటే బెంగ: "పీసీఓడీ అట, రేపు పిల్లలు పుడతారో లేదో!" ఆ మాట పిల్ల మనసులో ముల్లులా దిగబడిపోతుంది. అందుకే డాక్టర్లు ఈ పీసీఓడీని, అంటే వాళ్ల భాషలో పీసీఓఎస్‌ని, ఏ లెక్కన నిర్ధారిస్తారో మనమూ తెలుసుకోవాలి.

2003లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో నిపుణులు సమావేశమై మూడు లక్షణాలు చెప్పారు. ఒకటి, నెలసరి గతి తప్పడం. రెండు, మగ హార్మోన్లు పెరగడం. గడ్డం మీద వెంట్రుకలు, తగ్గని మొటిమలు దానికి గుర్తులు, రక్తపరీక్షలోనూ తెలుస్తుంది. మూడు, స్కానింగ్‌లో అండాశయాల్లో బుడగలు. పెద్దవాళ్లలో వీటిలో కనీసం రెండు ఉండాలి. అదీ థైరాయిడ్, ప్రొలాక్టిన్ లాంటి వేరే కారణాలు లేవని తేలాకే పీసీఓఎస్ అంటారు.

మన టీనేజీ పిల్లల లెక్క వేరు. 2023 అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం వాళ్లకి మొదటి రెండు లక్షణాలూ ఉండి తీరాలి. టీనేజీలో నిర్ధారణకి స్కానింగ్‌ను లెక్కలోకి తీసుకోవద్దన్నారు. ఎందుకంటే ఆ వయసులో అండాశయాల నిండా అండాలుండే చిన్న చిన్న తిత్తులు కనబడడం మామూలే. అవి గడ్డలు కావమ్మా, భయపడకు.

నెలసరికీ రజస్వల అయి ఎన్నేళ్లయిందన్నదాన్ని బట్టే లెక్క. మొదటి ఏడాది అటూ ఇటూ కావడం సహజం. ఆ తర్వాత మూడో ఏడు నిండేదాకా 21 నుంచి 45 రోజుల మధ్య వస్తే సరే. అటుపైన 21 నుంచి 35 రోజులు. మొదటి ఏడాది దాటాక ఒక్కసారైనా 90 రోజులకు మించి రాకపోయినా, పదిహేనేళ్లొచ్చినా రజస్వల కాకపోయినా డాక్టరుకి చూపించాల్సిందే.

ఇందాక చెప్పిన మొదటి రెండు లక్షణాల్లో ఒకటే ఉంటే పిల్లని గమనిస్తూ ఉంటారు, కొన్నేళ్లయ్యాక మళ్లీ పరీక్షిస్తారు. ఈలోగా మొటిమలకో, నెలసరికో వైద్యం ఆపక్కర్లేదు. నిజంగా పీసీఓఎస్ అని తేలితే షుగరు, బీపీ చూపించు. పిల్ల దిగులుగా ఉంటోందేమో కూడా కనిపెట్టు. పిల్లలు పుట్టరన్న మాట మాత్రం ఇంట్లో ఎవరినీ అననివ్వకు. ఈ సమస్య ఉన్న ఎంతోమంది తల్లులవుతున్నారు, అవసరమైనవాళ్లకి మందులున్నాయి.

ఇవాళే నెలసరి తేదీలు క్యాలెండర్లో గుర్తు పెట్టడం పిల్లకి నేర్పు. డాక్టరుగారిని "ఏయే లక్షణాలు చూసి చెప్పారు? థైరాయిడ్ పరీక్ష చేశారా?" అని మొహమాటపడకుండా అడుగు. అడిగేటప్పుడు పిల్లని పక్కనే కూర్చోబెట్టుకో. అది తన ఒంటి సంగతి, అందరికంటే ముందు తనకే అర్థం కావాలి.