ఇసుకతొట్టిలో లోకం

పెద్దలు తమ దుఃఖాన్ని నలుగురితో చెప్పుకొని ఊరట పొందుతారు. మాటలు కూడబలుక్కొనే వయసులోని పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. తల్లి దూరమైనా, ఇంట్లో నిత్యం కలహాలు చెలరేగినా వారి భయం పక్క తడపడంగానో, అన్నం మానడంగానో, తోటివారిని కొరకడంగానో బయటపడుతుంది. పెద్దలు దానిని మొండితనమంటారు.

ఈ మూగబాధకు ఆటయే భాష కాగలదని గ్రహించిన వారిలో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ ఒకరు. ఆమె 1890లో లండన్‌లో జన్మించిన వైద్యురాలు. మొదటి ప్రపంచయుద్ధానంతరం పోలండ్‌లో సహాయకార్యక్రమాలలో పాల్గొని, పసివారి దైన్యాన్ని కళ్ళారా చూశారు. ఒకే విధమైన కష్టాలకు లోనైనవారిలో కొందరు కుంగిపోగా, కొందరు కోలుకోవడం ఆమెను ఆలోచింపజేసింది. 1928లో లండన్‌లో పిల్లలకై ఒక చికిత్సాలయాన్ని ప్రారంభించారు.

రచయిత హెచ్.జి. వెల్స్ తన కుమారులు నేలపై బొమ్మలతో ద్వీపాలను, నగరాలను నిర్మించి ఆడుకొనే తీరును 1911లో ‘ఫ్లోర్ గేమ్స్’ అనే పుస్తకంలో వర్ణించారు. అది లోవెన్‌ఫెల్డ్ మనసులో నాటుకొన్నది. ఆమె పూసలు, రంగుపుల్లలు, చిన్న బొమ్మలు ఒక పెట్టెలో సమకూర్చగా, పిల్లలు దానిని అద్భుతాల పెట్టె అన్నారు. 1929లో ఆటగదిలో ఇసుక నింపిన జింకు తొట్టి వచ్చి చేరింది. ఈ రెంటినీ కలపమని ఎవరూ చెప్పలేదు. పిల్లలే బొమ్మలు తెచ్చి ఇసుకలో ఇళ్ళు, నదులు, యుద్ధాలు సృష్టించి, దానికి ‘లోకం’ అని పేరు పెట్టారు. ఆమె ఆ పేరునే తన పద్ధతికి స్వీకరించారు. తాను కనుగొన్నానని చెప్పుకోక, ఆ ఘనతను పిల్లలకే విడిచిపెట్టిన వినయం శ్లాఘనీయం. గుజ్జనగూళ్ళు వండే తెలుగు పిల్ల తన బొమ్మను అచ్చం తల్లి గొంతుతో గదమాయించడం చూచినవారికి ఈ పద్ధతి వింతగా తోచదు.

చికిత్సకు ముందు ఆమె పిల్లలకు ఒక మాట చెప్పేవారు: పెద్దలు ఒక ఒడ్డున, పిల్లలు మరొక ఒడ్డున ఉన్నారు, నడుమ వంతెన కట్టుకోవాలి. ఆపై ప్రక్కనే కూర్చొని గమనించేవారు. ఒక బాలుడు వచ్చిన ప్రతిసారీ బొమ్మరింటిని ఇసుకలో పూడ్చిపెడుతున్నాడనుకుందాం. ఎందుకని గద్దించి అడిగితే ఆట అక్కడితో ఆగిపోతుంది. ఓపిక పడితే, కొన్ని వారాలకు వాడే దానిని త్రవ్వి తీసి, వాకిట ఒక మనిషి బొమ్మను నిలబెట్టవచ్చు. అట్లని ప్రతి మొసలిలోను కోపిష్ఠి తండ్రిని చూడరాదు. ప్రతి పద్యంలోను శ్లేషను వెదికే వ్యాఖ్యాతవలె అది అసలు అర్థాన్ని పోగొట్టుకోవడమే.

స్వేచ్ఛకు హద్దు లేకపోలేదు. 1947లో ‘ప్లే థెరపీ’ గ్రంథాన్ని వెలువరించిన అమెరికా మనస్తత్వవేత్త వర్జీనియా ఆక్స్‌లైన్, ఆటలో పిల్లలే దారి చూపాలంటూనే, అవసరమైన కొద్దిపాటి హద్దులు ఉండవలసిందేనన్నారు. లోవెన్‌ఫెల్డ్ వద్ద అభ్యసించిన డోరా కాల్ఫ్ ఈ ఇసుక పద్ధతిని స్విట్జర్లాండ్‌లో పెంపొందించారు. ఆమె మార్గాన్ని అనుసరించేవారు పిల్లల ఎదుట ఇసుకను సర్దరు. పిల్లవాడు గది విడిచి వెళ్ళిన తరువాతనే బొమ్మలను తీసి, అరలలో పెడతారు.